తప్పు పోయిన వైపే

గెర్విన్ పోయిన ఆరో వారం
ఓర్ట్రూడ్ ఆ రివాల్వరును
రొట్టెల మీద కప్పే గుడ్డలో చుట్టి తెచ్చింది.
"కాగితాలన్నీ నీ పేరు మీదికి మార్పించాను, రోస్విత.
ఇక దీని గోల నీది."

మా క్లబ్బు ఓ పాత రాతిగని అడుగున.
మూడు వైపులా గోడలు కోసిన కొండ,
నాలుగో వైపు నవంబరు పొగమంచు.
ఇరవై అయిదు మీటర్ల అవతల
గురికాగితం చెమ్మగిల్లి వేలాడుతోంది.

గదికింత నల్లమందు, దాని మీద చెంచాడు గోధుమరవ్వ,
ఆ పైన సీసపు గుండు.
లోపలికి నొక్కుతుంటే అంచు ఒలిచి
పలచని ఉంగరమై చేతిలో పడుతుంది.
మూతికి కొవ్వు. వెనక రాగి టోపీ.
రెండు వందల ఏళ్ళ నాటి తతంగం,
నిరుడు ఇటలీలో పోతపోసిన ఇనుముతో.

అయిదు కాల్చాను.
అయిదూ ఒకే నాణెం కింద దాగేంత దగ్గరగా పడ్డాయి.
ఎత్తు సరిగ్గానే ఉంది. కానీ
నలుపుకి నాలుగు వేళ్ళు కుడికి.

కళ్ళద్దాలు మార్చుకుని చూశాను.
గొట్టం కొసన గాడిలో కూర్చున్న ఇత్తడి ముక్క
మధ్యలో లేదు. ఎడమకి జరిగి ఉంది,
ఒక్కసారిగా కాదు,
వెంట్రుకవాసి, వెంట్రుకవాసిగా.
పక్కనే చిన్న సుత్తి దెబ్బల మచ్చలు,
నిద్ర పట్టని మనిషి గోడ మీద వేలితో తట్టినట్టు.

నలభై ఏళ్ళు పళ్ళకు తొడుగులు చేసినదాన్ని.
కాగితం మందం ఎత్తు ఎక్కువైతే చాలు,
నోరంతా ఎదురు తిరుగుతుంది.
ఆకురాయి పట్టిన ప్రతిసారీ ఊపిరి బిగబట్టడం అలవాటు:
అరిగింది తిరిగి రాదు.

గెర్విన్ గనిలో మందు పేల్చేవాడు.
ఒకసారి, పేలదనుకున్నది కుడిపక్కన ఆలస్యంగా పేలింది.
అప్పట్నుంచీ
చప్పుడు కన్నా ముందే ఆయన మణికట్టు ఎడమకి తప్పుకునేది.
పక్కన నిలబడిన మాకందరికీ తెలుసు.
ఆయన మాత్రం "ఫ్యాక్టరీ వాళ్ళు తాగి బిగించార్రా" అని తిట్టేవాడు.
మేం ఔనౌనని కాఫీ పోసేవాళ్ళం.

దీనికో సూత్రం ఉంది, వినడానికి తిరకాసుగా ఉంటుంది:
గుండు ఎటు తప్పితే ముందు సైటునూ అటే జరపాలి.
తప్పుకి ఎదురు నిలబడితే ఇంకా తప్పుతుంది.
దాని వెంట నడిస్తేనే దారికొస్తుంది.
గెర్విన్ తన బెదురు వెంట నడిచాడు,
పదహారేళ్ళు, పాత రివాల్వర్లలోనూ, ఈ కొత్తదాంట్లోనూ,
ఆ మాట పైకి అనకుండానే.

"ఏంటలా చూస్తున్నావు? దిద్దు" అంది ఓర్ట్రూడ్.
"ఆయన చెయ్యి ఉంది ఇందులో."
"ఆ చేత్తో నలభై ఒక్క ఏళ్ళు వేగాను. ఏదీ, ఇలా ఇవ్వు."

తుపాకి ఎన్నడూ ముట్టని మనిషి.
ఆరో గదిలో మందు పోసి, పక్కనే నిలబడి, చేతికిచ్చాను.
కళ్ళు రెండూ మూసుకుందేమో, సరిగ్గా చూడలేదు.
పొగ గని నిండా కమ్మి, నెమ్మదిగా, అయిష్టంగా తొలిగింది.

నలుపు నడుమ చిల్లు.

ఒక్క గుండుతో ఏదీ తేలదు.
అలాగని క్లబ్బులో కొత్తవాళ్ళకి నేనే చెబుతాను.
ఆమెకీ అదే చెప్పాను.
ఆమె వినలేదు; తన మణికట్టుని తిప్పి తిప్పి చూసుకుంటోంది.
రాత్రుళ్ళు ఆయన ఉలిక్కిపడేటప్పుడు
పక్కన తనూ ఎటో ఒరిగేదేమో, ఎవరికి తెలుసు.

జరపడం జరిపాను.
ముందుగా, ఇత్తడికీ ఇనుముకీ కలిపి
పళ్ళ సూదితో సన్నని గీత ఒకటి గీశాను.
పాత చోటు ఎక్కడో ఎప్పుడైనా కావాలంటే దొరకాలిగా.
తర్వాత చెక్క మేకు ఆనించి, కుడికి, ఒక దెబ్బ.

సాయంత్రం వాళ్ళ వంటింట్లోనే
వేడినీళ్ళూ సబ్బూ పెట్టి కడిగాం.
తొట్టిలో నీళ్ళు సిరాలా నల్లబడ్డాయి,
కుళ్ళిన గుడ్ల కంపు.
కిటికీ తీయబోతే ఓర్ట్రూడ్ వారించింది.
"ఉండనీ. నెలన్నరగా
ఇల్లు సబ్బు వాసన తప్ప ఏమీ వేయడం లేదు."