మూన తిరిగేదాకా

హాలియా కాల్వ కింద
పన్నెండుమంది నాటు ముఠాకు పెద్దదాన్ని, సైదమ్మను.
పుట్టింది మర్రిగూడ బోరునీళ్ల మీద.
నవ్వితే పండ్లు గోధుమరంగు,
నవ్వకుంటే చెంప తెలుపు.
రెండు రంగులూ తోవ తప్పి
ఒకదాని ఇంట్ల ఒకటి జొరబడ్డయని
ద్వాళి ఎక్కిరిస్తది.
దానికొక్కదానికే ఆ హక్కిచ్చిన.

కంటి కింద చింతాకంత మొదలైంది.
మూడేండ్లల్ల కోడిగుడ్డంత.
సద్ది తినేకాడ ఒకామె
నా గ్లాసు పక్కకు జరిపింది.
అంటదని చెప్పలే నేను.
ఆ పొద్దు ఆమెకు తూము పక్క సాలిచ్చిన,
జలగలుండే సాలు.

నల్లగొండల, రామగిరి కాడ
నుస్రత్ డాక్టరమ్మ మచ్చను స్కేలుతో కొలిచింది.
ఫోటో తీసింది.
ఏడాది ఆగాలె అన్నది.
ఉన్నది పెరగొద్దు, కొత్తది పుట్టొద్దు,
గీరుకున్నకాడ తెల్లబడొద్దు.
కదిలే మచ్చ మీద కత్తి పెట్టనన్నది.

నేను మారు మాట్లాడలే.
పారే నీళ్లల్ల ఎవరు నాటేస్తరు?

ఒక వానకాలం, ఒక యాసంగి.
ప్రతి అమాసకు అద్దం ముందర
కాటుకతోని గీత గీసి చూసుకున్న.
మచ్చ గీత దాటలే.

అప్పుడు కాగితం మీద బొమ్మలేసి చెప్పింది.
తొడ మీద పెసరగింజంత ముక్కలు తీసి
చెంపల గుంటలు చేసి ఒక్కొక్కటి పెట్టుడు ఒకటి.
మానినంక గులకరాళ్లు పరిచినట్టు
ఎత్తుపల్లాలు రావొచ్చు, ముఖం కదా.
పలుచగ తోలు గీకి, రంగు కణాలు విడదీసి,
నీళ్లల్ల కలిపి మచ్చ మీద పోసుడు ఇంకోటి.
అది పట్నంల జేస్తరు, పైసలెక్కువ.
లేకుంటే తొడ మీద బొబ్బలు లేపి
ఆ పైపొర తెచ్చి అతికించుడు.

"ఆగు డాక్టరమ్మా" అన్న.
మొదటిది కుదురు నాటు.
రెండోది వెదజల్లుడు.
మూడోదానికి మాకాడ పేరు లేదు.

ఆమె పెన్ను కింద పెట్టింది.
కుదురుకూ కుదురుకూ ఎంత ఎడం పెడ్తరని అడిగింది.
వానకాలం ఎడం, యాసంగికి దగ్గర అన్న.
చీటీ వెనక రాసుకున్నది, ఎందుకో.

పేరు లేనిదే చేయించుకున్న.
తొడ మీద ఆరు సిరంజీలు గాలి గుంజుకుంట
మూడు గంటలు నిలవడ్డయి.
కాగే నూనెల అప్పడం లెక్క తోలు పొంగింది.
చెంపను దమ్ము చేసినట్టు చేసి
తడి పొరను పరిచి కట్టు కట్టింది.
వారం దినాలు నమలొద్దు, నవ్వొద్దు.
జావ తాగుకుంట
ద్వాళిని ఇంటికి రానియ్యలే.

కట్టు విప్పినంక రెండొద్దులకు
పొర ఎండి, ఊడి, చేతులకొచ్చింది.
బస్సుల నల్లగొండదాకా ఏడ్సుకుంటనే పోయిన.
పొర పోతది, రంగు లోపల దిగి ఉంటదన్నది ఆమె.
ఉంటదా?

నాటేసిన వారం
మడి సచ్చినట్టే ఉంటది.
పసుపు తిరిగి, తల వాల్చి.
గట్టు మీద ఆసామి గుండె పట్టుకుంటడు.
మూన తిరగనియ్యి అయ్యా, అని
ఇరవయ్యేండ్ల సంది చెప్పుకుంట వస్తున్న.
నాకు చెప్పెటోళ్లు ఎవరు?

నెల దాటినంక ఒక పొద్దు
స్టీలు చెంబుల చూసుకుంటే
చెంప నడుమ ఈగ వాలినట్టు మరక.
కొట్టబోయి ఆగిన.

ఇప్పుడు చెంప
పక్క తోలుకన్న ఒక వన్నె నలుపు.
ముక్కు పక్క మూల పట్టలే, పోక పోయింది.
సందు నాటు మళ్ల చూద్దామన్నది.
వేళ్ల కొసలకైతే సరిగ పట్టదు,
ఆశ పెట్టుకోకన్నది.
పెట్టుకోలే.
బురదల ముంచితే పన్నెండుమంది చేతులు ఒక్కటే,
కడుక్కునేదాకా.

తానం చేసేటప్పుడు మాత్రం
తొడ మీద చెయ్యి ఆగుతది.
ఆరు గుండ్రాలు, ఇంకా మాసిపోలే.
నారు పీకిన మడిని
మేము ఆఖరికి నాటుతం.