పచ్చకు విరుగుడు

పామూరు బస్సులో కండక్టరు
"పెద్దమ్మా, కాస్త ముందుకు జరుగు" అన్నాడు.
వాడి మీసంలో నాలుగు తెల్లవెంట్రుకలు
నేనే లెక్కపెట్టాను.
సీటు దొరికినా
కనిగిరి వచ్చేదాకా కూర్చోబుద్ధి కాలేదు.

నల్లరంగు ప్యాకెట్టు నాకు పడదు,
కణతల మీద దద్దుర్లు లేస్తాయి.
అందుకని ఆకుపొడులు తెచ్చుకున్నా,
గోరింటాకు ఒకటి, నీలి ఒకటి.
ముందు ఎర్రది, మర్నాడు నీలిది అని
అట్ట మీద చీమతలకాయంత అక్షరాల్లో ఉందట.
రెండ్రోజుల పని ఒక పూటలో తెమలాలని నా తొందర.
నీలి ఒక్కటే కలిపి పట్టించి
టీవీ ముందు రెండు గంటలు కూర్చున్నా.

కడిగి అద్దంలో చూస్తే
తెల్లబడ్డ చోటల్లా పచ్చ.
చిలకపచ్చా కాదు, ఆకుపచ్చా కాదు,
బ్యారన్‌లో మంట సరిగా అందక
వన్నె తిరగని పొగాకు పచ్చ.
అట్లాంటి బేలును వేలంలో
ముట్టుకోకుండానే దాటిపోతారు.
మా ఆయన నవ్వు ఆపుకోలేక
బర్రెకు చొప్ప వేసే నెపంతో బయటికి పోయాడు.

నాలుగు షాంపూ పొట్లాలు.
నిమ్మకాయ, వంటసోడా.
ఆఖరికి గిన్నెలు తోమే సబ్బు.
మా బోరునీళ్ళు నురగనే రానివ్వవు,
బకెట్టు అంచున సున్నం పేరుస్తాయి.
మా పళ్ళకు పసుపు చారలు దిద్దిన నీళ్ళివి.
ఆ రంగు దేంతో పోతుందో
ఇన్నేళ్ళలో ఎవరూ చెప్పలేదు.

తలకు తువ్వాలు చుట్టి గుడ్డలు ఆరేస్తుంటే
గాలికి అది జారింది.
గోడ అవతల మిరపకాయలు తిరగేస్తున్న
మా తోడికోడలు పెంచలమ్మ చూసింది.
బ్యారన్ వాటా తగాదా అయి నాలుగేళ్ళు.
అప్పట్నించీ మాటల్లేవు.
వాళ్ళ పిల్లి మా ఇంటికొస్తే
దాన్ని కూడా నేను పలకరించను.

"ఏందే కొండమ్మా అది, నారుమడా?"

నవ్వొచ్చింది. వెంటనే ఏడుపొచ్చింది.

ఆమెది కోవూరు పక్కన పాటూరు.
పెళ్ళికి ముందు అద్దకం షెడ్డులో
కూలికి పోయిన చేతులు.
సాయంత్రానికి ఇనుప మూకుట్లో
టీ డికాషనులో నానిన గోరింటాకు ముద్దతో,
కొడుకు చేత రెండు టిన్నుల తాగేనీళ్ళు మోయించుకుని
గోడ చుట్టూ తిరిగి వచ్చింది.
"ఉప్పునీళ్ళకు రంగు నిలవదు" అంది.
చెవి వెనక ఒక్క పాయ కత్తిరించి
ముందు దాన్ని ముంచి చూసింది.
"నూలైనా ఇంతే. పోగు చెప్పిందాకా చిలప ముంచకూడదు.
పచ్చను ఎరుపే మింగుద్ది,
నువ్వేమో దాన్ని అటక మీద పెట్టి కూర్చున్నావు."

తర్వాత నా తల ఆమె మోకాళ్ళ మధ్య.
మెడ వంచు. కళ్ళు మూసుకో. ఇటు తిరుగు.
బ్యారన్ ఊసు ఆమె ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు.
వేళ్ళు మాత్రం కుదుళ్ళలో
పాయ పాయకీ ఆగి వెళ్తున్నాయి,
ఎక్కడ చిక్కు పడిందో వెతుకుతున్నట్టు.

తాగేనీళ్ళతో తలస్నానం!
మా అమ్మ చూసుంటే చెంప పగలగొట్టేది,
బిందె పట్టుకుని ట్యాంకరు వెనక పరుగెత్తిన మనిషి.
టిన్ను వంచి పోస్తుంటే
ఎర్రనీళ్ళు వాకిట్లోంచి
అరుగు కిందకి దారి చూసుకున్నాయి.

బాగా మాగిన ఆకు రంగుకొచ్చింది జుట్టు.
ఎడమ చెవి పైన రూపాయి బిళ్ళంత పచ్చ ఉండిపోయింది.
పైన జుట్టు కప్పితే కనపడదు.
అదక్కడుందని నాకు తెలుసు, ఆమెకు తెలుసు.

వెళ్తూ గడపలో నిలబడి
"టిన్ను ఇరవై, రెంటికీ నలభై" అంది
ఎటో చూస్తూ.
యాభై నోటు ఇచ్చాను.
కొంగు ముడి విప్పి వెతికింది. చిల్లర లేదు.
"పది రేపిస్తాలే."

ఆరు రోజులైంది.
పొద్దున్నే గోడ మీంచి కూరేందని అడుగుతుంది,
మా పిల్లి వచ్చిందా అంటుంది.
పది సంగతి మర్చిపోయినట్టుంది.

నేను గుర్తు చెయ్యను.