పొర

కాశీబుగ్గ జీడి బట్టీలో
మా అమ్మ తవిటమ్మ పొరలు తీస్తుంది.
కిలోకింత అని కూలి.
తెల్లటి పప్పు డబ్బాలోకి,
ఇటికరంగు పొట్టు నేలమీదికి.
పొద్దుగూకే వేళ ఊడిస్తే
మూడు గోనెలు.

ఒక గోనె అడిగి తెచ్చుకున్నాను.
"ఏటే గుంటా, ఇంత సదివీసి
పొట్టు మోస్తన్నావేటి?"
మేస్త్రి నవ్వాడు.

ఎచ్చెర్ల ల్యాబులో
ఎండబెట్టి, నూరి, స్పిరిట్లో నానేసి, వడగట్టి,
ఆవిరైందంతా అవగా
గోనెకి మిగిలింది
గుప్పెడు పొడి.
గైడు అటు తిరిగినప్పుడు
రవ్వంత నాలిక్కి రాసుకున్నాను.
వగరు.
పుస్తకం దాన్ని ఫ్లేవనాయిడ్ అంటుంది.
నోరు మాత్రం
పచ్చి జీడిమామిడి కొరికిన చిన్నప్పుడు అంటుంది.

తొంభై ఆరు గుంటల పలక.
ఒక్కో గుంటలో
ఎవరివో, ఏ ఊరివో,
మూత్రపిండపు కణాలు.
పై వరసకి ఉత్త మంట పెట్టాను.
కింది వరసకి ముందు వగరు, తర్వాత మంట.
రెండోనాడు మైక్రోస్కోపులో
పై వరస,
ఉప్పుగాలికి గోడ సున్నం రాలినట్టు.
కింది వరస ఇంకా
ఒకదాన్నొకటి ఒరుసుకుని,
వానకి ఒకే గొడుగు కింద జనంలా.

నేను అరవలేదు. ల్యాబులో అరవకూడదు.
గ్లవ్సు విప్పి, మళ్ళీ తొడుక్కున్నాను.

శనివారం సోంపేట.
ఏడో మంచం మీద డిల్లేసు మావ.
యాభై కొబ్బరి చెట్ల ఆసామి,
నాలుగేళ్ళయింది బొండం నోట పెట్టి.
రోజుకి మూడు గ్లాసుల నీళ్ళు, లెక్క తప్పకూడదు.
రక్తం గొట్టంలోకెళ్ళి,
సన్నటి పొర దాటి,
నాలుగ్గంటలు, వెనక్కి.

"ఆ పొట్టేదో మరగబెట్టీ,
తాగీస్తాను."

వద్దు మావా.
గుంటలో కణానికి పొటాషియం భయం లేదు,
నీకుంది.
దానికి కడుపు లేదు, పేగు లేదు,
పొలం లేదు, అప్పు లేదు.
అది బతికిందని నువ్వు బతుకుతావని
నేనెలా సెప్పను?

"మరెప్పుడే?"

పలాస నించి సోంపేటకైతే రైలుంది.
గుంట నించి మనిషికి
ఎన్ని స్టేషన్లో
ఏ బోర్డు మీదా రాసి లేదు.
అసలీ జబ్బు ఎందుకొచ్చిందో
మా నూతులకీ తెలీదు.

మావ కళ్ళు మూసుకున్నాడు.
మిషను చుట్టు తిరుగుతూనే ఉంది.

ఇంటికెళితే అమ్మ
చేతులకి నూనె రాసుకుంటోంది.
జీడిసొనకి కాలిన మచ్చలు,
గోళ్ళ సందుల్లో ఎంత తోమినా పోని గోధుమరంగు.
ఎలుగులో చెయ్యి తిప్పి చూసి
"ఇదేనేటి? నానూడిసీసీదీ?"

అవునని గానీ కాదని గానీ అనలేదు.
ఆ చెయ్యి పట్టుకుని
కాసేపు కూచున్నాను.

రేపు పొద్దున్నే మళ్ళీ పలక.
కింది వరస నాలుగో గుంటలో
రెండు కణాలు రాలాయి.
పొట్టుదో, నాదో
పొరపాటు, చూడాలి.