మచ్చ ఇంకా రోంత కిందికుండాది

ముప్పై ఏండ్లు సినిమా బోర్డులు రాసినవాణ్ణి.
ఆదోనిలో మూడు టాకీసులకు
శుక్రవారం మొగాలన్నీ నా చేతిమీదే తెల్లారేవి.
హీరో చెంపకు గులాబి,
గడ్డం నీడకు నీలం.
చెమట మాత్రం రాయొద్దనేవాడు ఓనరు,
"డబ్బులిచ్చి చెమట చూసేకి వస్తారా ఎవురన్నా?"

ఫ్లెక్సీ వచ్చినాక
కిరసనాయిలు డబ్బాలో నిలబెట్టిన బ్రష్షులు
నిలబడినట్లే బిగుసుకుపోయినాయి.

ఖాజా పాతపేపర్ల అంగట్లో
కిలో పన్నెండు రూపాయల లెక్కన దొరికిందా పుస్తకం.
అట్ట లేదు. గీసినాయన పేరు చిరిగిపోయింది.
ఇటలీ ఆయనంట, ఖాజా బిడ్డ చదివి చెప్పింది.
మరీ వెనకటి మనిషేం కాదు,
బొమ్మలో కరెంటు బల్బు ఎలుగుతా ఉంది.

ఆ బల్బు కింద ఒకామె
మంచం అంచున కూచోనుంది.
అప్పుడే మేజోడు ఇప్పింది.
పిక్క చుట్టూ దాని రబ్బరు అచ్చు, రవ్వంత ఎర్రగా.
అంతే బొమ్మ.
దేవతా కాదు, దొరసానీ కాదు.
కడుపు మీద మూడు మడతలు.
ఆ మడతల్ని ఆయన
అప్పుపత్రం చదివినంత నిదానంగా చదివినాడు.

నేను రాసిన వేల కాళ్ళల్లో
ఒక్కదానికీ చెప్పు కరిసిన గుర్తు లేదు.

పత్తి యార్డులో హమాలీ ఉరుకుందప్పను అడిగితే నవ్వినాడు.
"నన్నా? నా మొగమా?"
మొగం కాదు, వీపు.
"వీపులో ఏముంది ప్పా, కండ్లా ముక్కా?"
కూలి ఇస్తానంటే
ఆదివారం మా రేకుల షెడ్డుకొచ్చి
బనీను తీసి స్టూలెక్కినాడు.

మెడ కింద నలభై ఏండ్ల మూటలు కలిసి
జొన్నరొట్టె పొంగినట్ల ఒక గడ్డ.
కొక్కెం గీరిన గీత.
వెన్నెముక నేరుగా లేదు,
ఎండిన వంక మాదిరి ఒక పక్కకు తిరిగింది.
బనీను గీత కాడ రంగు రెండైంది.
పైన ఎండ తిన్న మెడ,
కింద ఎండ ఎరగని నడుము, పసిబిడ్డది.

నా చెయ్యి పాతబుద్ధి మానలేదు.
భుజాలు రెండూ సమానం చేసేసింది.
చెరిపినా.
మళ్ళీ చేసింది.
గులాబి డబ్బా మీద గోనె కప్పి
మళ్ళీ చెరిపినా.

మూడో ఆదివారం ఉడుక్కు
కూచున్నట్లే కునుకు తీసినాడు.
నిద్దట్లో ఎడమ భుజం
ఇంకో రెండు వేళ్ళు దిగింది.
అప్పుడు తెలిసింది,
ఇన్నాళ్ళూ నాకోసం దాన్ని ఎత్తి పట్టుకున్నాడని.
కూలి లేని బరువు అది.
ఆయప్ప లేసేలోగా
బొమ్మలో భుజం దించినా.

అయిపోయినాక చూపించినా.
శానా సేపు పలకలేదు.
చెయ్యి వెనక్కి పోనిచ్చి
గడ్డను తడిమి, బొమ్మను చూసి,
మళ్ళీ తడుముకున్నాడు,
సంతలో ఎద్దు మూపురం పట్టి చూసినట్ల.
"ఇదా, వీళ్ళందరూ ఎనక నుంచి చూసేది?"
కాసేపాగి,
"రోంత హీరో మాదిరి చేసింటే
నీ సొమ్మేం పోయేది ప్పా!"

సద్దిగిన్నె కోసం తిక్కమ్మ వచ్చింది,
మిరపకాయలు తుంచిన చేతుల్తో.
గడప కాణ్ణించే నిలబడిపోయింది.
తర్వాత దగ్గరికొచ్చింది.
రంగు పచ్చిగా ఉండాదని ముట్టలేదు,
వేలు మాత్రం చూపించింది.

"మచ్చ ఆడ కాదు.
ఇంకా రోంత కిందికుండాది."

నిజమే. భుజం దించినా గానీ
మచ్చను పాతచోటే మరిసినా.

ఉరుకుందప్ప ఆమె దిక్కు తిరిగినాడు.
"నాకు మచ్చుండాదా?"

ఆమె పలకలేదు.
నేను బ్రష్షు అందుకున్నా.
ఆమె వేలు ఇంకా అట్లే,
బొమ్మకు బెత్తెడు దూరంలో
గాల్లో ఆగి ఉండాది.