సముద్రపు నురుగు

డెల్ఫిం నలభై ఏళ్ళు
సాదో నది సముద్రంలో కలిసేచోట
కటిల్ ఫిష్ పట్టాడు.
సిరా కక్కే ఆ ప్రాణిని చీల్చి
మాంసం బుట్టలో వేసి
వీపులోని తెల్లటి బెండులాంటి ఎముకని
నీళ్ళలోకి విసిరేవాడు.
ఒక్కటి మాత్రం ఎప్పుడైనా ఇంటికి తెచ్చేవాడు,
చెల్లెలు జుల్మీరా పెంచే కెనరీ పిట్ట
ముక్కు నూరుకోడానికి.

తెలుగులో దాని పేరు సముద్రపు నురుగు.
మూలికల కొట్లో పొట్లం కట్టి అమ్ముతారు.
సెతూబల్ రేవులో దానికి ధర లేదు.

రెండేళ్ళ కిందట, ఫిబ్రవరిలో,
తాడు చుట్టే యంత్రం పిడి జారి
పైదవడ మీద కొట్టింది.
ముందు పళ్ళు మూడు.
చేపలు పట్టడానికి పళ్ళతో పనిలేదు.
కానీ ఆదివారాలు అతను
ఊరి బ్యాండులో ట్రాంబోన్ ఊదేవాడు.
ఇప్పుడు ఊదితే గాలి, గాలి, కాస్త ఉమ్మి.
బ్యాండు మేష్టరు ఏమీ అనలేదు.
ఇత్తడి తాళాల జత తెచ్చి చేతికిచ్చాడు.

పన్ను పోయినచోట ఎముక ఊరుకోదు.
పనిలేని ఎముకని ఒళ్ళే తినేస్తుంది,
మనిషి లేని ఇంటికి చెదలు పట్టినట్టు.
"స్క్రూ బిగించడానికి గోడ లేదు" అంది
డాక్టర్ కితేరియా.
"ముందు గోడ లేపాలి."

సీసా చూపించింది. ఉప్పుకల్లంత గింజలు.
మీ రేవు సరుకే, అంది.
భాస్వరం కలిపి, వేడినీటి ఒత్తిడిలో
రోజుల తరబడి ఉడికిస్తే
సుద్ద కాస్తా ఎముకరాయి అవుతుందిట.
లోపలి గదులు మాత్రం చెక్కుచెదరవు.
ఆ గదుల్లోకే నెత్తురు రావాలి,
కణాలొచ్చి కాపురం పెట్టాలి.
డెల్ఫిం నవ్వాడు,
నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని.
"నేను చీల్చినవన్నీ లెక్క అడగడానికొచ్చాయా?"

చిగురు కోసి, గింజలు నింపి,
కరిగే పొర కప్పి, కరిగే దారంతో కుట్టింది.
పంటి చిగురుకీ కొమ్మ చిగురుకీ
మన భాష ఒకే మాట పెట్టుకుంది.
కత్తి పట్టినవాళ్ళకి చెయ్యాడని మాట.

ఏడు నెలలు
రొట్టె సూపులో నానేసుకుని తిన్నాడు.
తుమ్ము వస్తే కూడా భయపడ్డాడు.
నవంబరులో ఎక్స్‌రే.
"మనం పెట్టింది దాదాపు కనబడటం లేదు."
అతని మొహం పాలిపోయింది.
"కొట్టుకుపోయిందా?"
"లేదు. ఖర్చయిపోయింది.
ఈ బూడిదరంగు చూశారూ, ఇదంతా మీదే."

స్లాబు గట్టిపడ్డాక సెంట్రింగు కర్రలు లాగేస్తారు.
ఇక్కడ లాగే మేస్త్రీ లేడు.
మోసిన కర్రే మోతని అప్పగించి
అరిగి, కరిగి,
నెత్తుట్లోంచి ఎటో
కూలి అడక్కుండా వెళ్ళిపోయింది.

అంతా కాదు. ఎడమపక్క మూల
నాలుగైదు గింజలు మొండికేసి
తెల్లగా అలాగే ఉన్నాయి.
"అవి వెళ్ళవా?"
"వెళ్తాయేమో. వెళ్ళకపోనూవచ్చు."
స్క్రూ మార్చికి వాయిదా పడింది.

ఇంటికొచ్చి బీరువా మీది పెట్టె దించాడు.
ఊదలేదు. ఇంకా ఊదకూడదు.
గొట్టానికి నూనె రాసి
ముందుకీ వెనక్కీ లాగాడు, చప్పుడు లేకుండా,
మోచేతికి పాట గుర్తుందో లేదో చూద్దామని.
పంజరంలో కెనరీ
తెల్ల బెండు మీద ముక్కు గరగరా రాస్తోంది.
"రేపు పడవ ఉందా?" వంటింట్లోంచి జుల్మీరా.
ఉందన్నాడు. నాలుకతో ఆ ఖాళీ తడుముతున్నాడు,
మాట ముద్దగా వచ్చింది.

మర్నాడు తొలి కటిల్ ఫిష్ చీల్చి
బెండు చేతిలో పట్టుకుని
కాసేపు నిలబడ్డాడు.
వెనక కుర్రాడు తొందరపెట్టాడు.
అలవాటు కొద్దీ విసిరేశాడు.

అది మునగలేదు.
ఎప్పుడూ మునిగేది కాదు, నిజానికి.
ఇన్నేళ్ళూ విసిరాక
అటు చూడలేదంతే.