పెన్సిల్ గీత

బావూతి సంతలో, వాన వెలిసిన ఆదివారం,
కట్టెల ధరకి దొరికింది.
మూడు కాళ్ల మీద నిలబడి
నాలుగోదానికి ఇటుక పెట్టుకున్న వంటింటి అల్మారా.
అమ్మేవాడే మొహమాటపడ్డాడు,
"తలుపు వేస్తే పడదమ్మా" అంటూ.
లూత్సియాన్ దాని పక్కన తట్టి, చెవి ఆనించి
"ఓక్ కర్ర" అన్నాడు. "ఇంకా బతికే ఉంది."

లిఫ్టు లేని నాలుగో అంతస్తు.
రెండో మలుపులో రెజీనా గారి కొడుకు నోట ఒక బూతు జారింది,
గోడ నుంచి ఇంత సున్నం.
ఏం చేస్తావయ్యా దీన్ని అని అడిగితే
"బార్" అన్నాడు.
నా చేతిలోని టీ గ్లాసు చేతిలోనే ఉండిపోయింది.

తొమ్మిదేళ్లయింది ఈయన మానేసి.
అంతకు ముందు పదమూడేళ్లు
ఈ ఇంట్లో సీసాలు ఎక్కడెక్కడ పడుకునేవో నాకు కంఠోపాఠం:
దుప్పట్ల మడతల్లో, పిండి డబ్బాలో,
ఫ్లష్ ట్యాంకు నీళ్లలో చేపలా మునిగి,
ఓసారి పియానో లోపల.
మాకు పియానో ఎప్పుడూ లేదు. పక్కింటివాళ్లది.

మార్చి నెలంతా గరుకు కాగితం చప్పుడు.
గోధుమ రంగు కింద ఆకుపచ్చ,
ఆకుపచ్చ కింద ఆస్పత్రి తెలుపు,
దాని కింద, సిగ్గుపడుతూ, తేనె రంగు చెక్క.
సూపులో పొట్టు, దిండు కింద పొట్టు, నా కనుబొమల్లో పొట్టు.
పై తలుపు కిందికి వాలేలా బందులు మార్చి దాన్నే బల్ల చేశాడు.
నాలుగో కాలు మా పెళ్లినాటి మంచం ఇచ్చింది.
పిడులు మూతపడ్డ నూలుమిల్లువి,
ఇరవై ఏళ్లు నేను తోసుకుంటూ లోపలికెళ్లిన ఇత్తడి.
వెనక మచ్చలు పడ్డ అద్దం, ముందు చిన్న దీపం,
కాడలతో గబ్బిలాల్లా వేలాడే గ్లాసులు.
లక్క పాలిష్‌ని నా పాత మేజోడుతో రుద్దాడు,
ఎనిమిది అంకె వేస్తూ, మళ్లీ ఎనిమిది అంకె వేస్తూ.

ఎడమ తలుపు లోపలి అంచు మాత్రం గీకలేదు.
అక్కడ ఎవరో పాప ఎత్తు కొలిచారు:
రుఖ్లా, 1938. రుఖ్లా, 1939.
ఆ పైన ఖాళీ చెక్క.
మా పేటలో ఆ పేరూ ఆ ఏడూ కలిపి చదివినవాళ్లు
ఇంకేమీ అడగరు.
పాలిష్ ఆ గీతల దగ్గర ఆగి, పక్కనుంచి వెళ్లింది.

మొదటి శనివారం మెట్లన్నీ ఎక్కి ఏడుగురు వచ్చారు.
రెజీనా గారు ఇంట్లో ఊరబెట్టిన క్విన్స్ మందు తెచ్చారు.
లూత్సియాన్ మెడదాకా గుండీలు పెట్టుకుని
మందుల షాపువాడిలా కొలిచి కొలిచి పోశాడు.
తనకి ఎండు ప్లమ్ పళ్ల షర్బత్తు.
ఎవరో "ఒక్క చుక్క, ఈ పూటకి" అన్నారు.
నా గుండె బిరడాలా బిగుసుకుంది.
"కొట్టువాడు సరుకు ముట్టకూడదు" అన్నాడు. అందరూ నవ్వారు,
నేను కొంచెం ఆలస్యంగా.

వాళ్లు వెళ్లాక, ఆయన గ్లాసులు కడుగుతుంటే,
క్విన్స్ సీసా కాగితం మీద
మందు మట్టానికి సన్నగా ఒక గీత గీశాను.
దొంగలా గీశాను. కాదు, పెళ్లాంలా.
ఒక్కోసారి రెండింటికీ కాలి మునివేళ్లే దిక్కు.

వారమంతా చూశాను.
గీత మట్టాన్నీ, మట్టం గీతనీ వదల్లేదు.
ఎనిమిదో రోజున
నా గీత పక్కన ఇంకో గీత.
వడ్రంగి పెన్సిల్‌ది, లావుది,
తేదీ వేసి ఉంది.
తొమ్మిదో రోజు, అదే ఎత్తున, ఇంకో తేదీ.

నేను అడగలేదు. ఆయన చెప్పలేదు.
పెన్సిల్ ఇప్పుడు గ్లాసుల పక్కనే ఉంటుంది, దారం కట్టి.

రాత్రి బల్ల ఎత్తి మూస్తే
లోపలి దీపం ఒక్క క్షణం ఆగి ఆరుతుంది,
సందులోంచి తేనె రంగు గీత ఒకటి గోడ మీద పడి.
స్విచ్ బాగు చెయ్యాలంటాడు.
ఇంకా వద్దంటున్నాను.