గోడ మీది గురువారం

పలాసలో, కాశీబుగ్గ పోయే రోడ్డు పక్కన,
జీడిపప్పు ఫ్యాక్టరీ మేడ మీద నా గది.
కింద పిక్కలు కాలే వాసన.
పైన ఒక పాత కంప్యూటరు, నాలుగు జీబీల ఊపిరి,
రెక్క వంగిన ఫ్యాను.

కిందవాళ్లు షెల్లు పగలగొట్టి పప్పు తీస్తారు.
నేనూ షెల్లులోనే పనిచేస్తాను,
దీని లోపలి పప్పు పేరు కెర్నెల్.
నా వేళ్లకి మాత్రం జీడి అంటదు.

శుక్రవారం పొద్దున్న తూకం ప్రోగ్రాం పలకలేదు.
డాకర్ పీఎస్ అని కొట్టాను.
తలకట్టు తప్ప కింద ఒక్క వరసా లేదు.
బతికున్నవాళ్లనే చూపిస్తుందది.
చివర డ్యాష్ ఏ తగిలిస్తే
పోయినవాళ్లూ లేచి నిలబడతారు:
పదహారు కంటైనర్లు,
నేను పేరు పెట్టడం మరిస్తే అవే పెట్టుకున్న పేర్లు,
ఏదో ఒక గుణం, ఎవరో శాస్త్రవేత్త ఇంటిపేరు.
పక్కన పన్నెండు అక్షరాల గుర్తు,
పిలవడానికి మొదటి మూడు చాలు,
వరహాలమ్మని అందరూ వరా అన్నట్టు.
అన్నిటికన్నా పైన తూకం.
ఆగిపోయి ఆరు గంటలు. కారణం, నూట ముప్పై ఏడు.
జబ్బు కాదు, మెమరీ చాలక
సిస్టమే పీక నొక్కింది.

డిస్కూ నిండిపోయింది.
కంటైనర్ ప్రూన్ అన్నాను.
ఆగినవన్నీ పోతాయి, నిజంగానేనా, అనడిగింది.
వై కొట్టాను.
టీ చల్లారకముందే
మూడు వందల ఎంబీ తిరిగొచ్చిందని చెప్పింది.
ఇమేజి ఉందిగా, నాకేం భయం?
పంచదార చిలకల అచ్చు లాంటిదది,
చిలక కరిగితే మరో చిలక.
డాకర్ రన్.
కొత్త తూకం లేచి కూర్చుంది
స్నానం చేయించిన పసిబిడ్డలా.
అందులో గురువారం లేదు.

బుధవారం దాకా లెక్కలు కాగితమ్మీదికెక్కాయి.
గురువారం మాత్రం డబ్బాలోనే ఉండిపోయింది,
నలభై ఒక్కమంది ఆడవాళ్ల గురువారం,
కిలోకింతని కూలి.
"సగటు కట్టీ" అన్నాడు సూపర్‌వైజరు బమ్మిడి లోకనాథం.

మెట్లెక్కి దాలమ్మ వచ్చింది.
వేళ్లు బొగ్గు. గోళ్ల చుట్టూ చర్మం లేచిపోయి ఉంది.
"ఏటి బాబూ, నిన్నటి మా తూకమేటయ్యింది?"
చెప్పాను, కంటైనరంటే డబ్బా లాంటిదని,
పాడైన డబ్బా కదాని తీసేశానని.
ఆవిడ నా మొహంకేసి కాదు, తెరకేసి చూసింది.
"డబ్బా పారీసినావు, సరే.
లోపలున్నది ముందర ఏరేదాంట్లో వంపుకోవద్దేటి?"

రెండేళ్లుగా నేను దాటేస్తూ వచ్చిన పేజీ అది.
వాల్యూమ్ అని దాని పేరు.

నన్ను కిందికి తీసుకెళ్లింది.
పెంకు బస్తాల వెనక గోడ.
కాలిన పిక్కతో గీసిన గీతలు,
కిలోకి నిలువు, అరకి పొట్టి అడ్డం.
మనిషికో బొమ్మ: దువ్వెన, చేప, మూడు చుక్కలు, తాళంచెవి.
తన వరస ఒక్కటే కాదు, నలభై ఒకటీ.
"మీ కాటా మీద నమ్మకం లేక" అంది,
మొహమాటమేమీ లేకుండా.

మధ్యాహ్నం దాకా ఆవిడ చదివింది, నేను ఎక్కించాను.
చేప పద్నాలుగున్నర.
దువ్వెన పదకొండు.
తాళంచెవి దగ్గర ఆగి, "దీనికి జొరం, సగం రోజే" అంది.

సాయంత్రం రన్ లైను మళ్లీ రాశాను.
పేరు తూకం. పడితే తనే లేచేలా రీస్టార్ట్ ఆల్వేస్.
డ్యాష్ వీ, ఎడమన బయటి ఫోల్డరు,
మధ్య నిలువుగా రెండు చుక్కలు,
కుడిన లోపలి దారి.
ఆవిణ్ణి పిలిచి చూపించాను.

"ఆపు" అంది. స్టాప్.
"పారీయి." ఆర్‌ఎం.
ఎంటర్ మీద నా వేలు కాసేపు నిలబడిపోయింది.
"మళ్లీ పెట్టు."
పెట్టాను.
గురువారం ఉంది, చేపతో సహా.

తలూపి మెట్లు దిగింది దాలమ్మ.
బస్తాలు జరిపిన చప్పుడు.
మెట్ల మీంచి వంగి చూస్తే
శుక్రవారం గీస్తోంది.